సీసం విషానికి తిప్పతీగ కషాయం సరిపోతుందా?

సాగర్: మా బాబాయి పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో పనిచేస్తారు. రోజూ పొద్దున్నే తిప్పతీగ కషాయం తాగుతారు, ఇక సీసం తననేమీ చేయదంటారు. ఎలుకల్లో కాలేయాన్ని కాపాడిందని పరిశోధనలూ ఉన్నాయి. పెరట్లో దొరికేదాన్ని డాక్టర్లు ఎందుకు చెప్పరు?

పద్మజ: సాగర్ గారూ, ఆ పరిశోధనలు అబద్ధం కాదు. సీసం ఇచ్చిన ఎలుకలకి తిప్పతీగ రసం పట్టిస్తే కాలేయానికి దెబ్బ తగ్గింది. కానీ అవి కొన్ని వారాల్లో అయిపోయే ప్రయోగాలు. మా తమ్ముడు అలాంటి షెడ్డులోనే ఆరేళ్లు చేశాడు. ఒంట్లో చేరిన సీసంలో ఎక్కువ భాగం ఎముకల్లోకి వెళ్లి ఏళ్లకేళ్లు ఉండిపోతుంది, అక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా మళ్లీ రక్తంలోకి వస్తుంది. అలాంటి మనిషికి కషాయం ఏం చేస్తుందో ఆ ఎలుకలు చెప్పలేవు. వాడూ కషాయం తాగుతున్నాననే ధీమాతో కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం అన్నీ గ్యాస్ అనుకుని ఏడాది లాక్కొచ్చాడు. ఆ ఏడాది పోయిందనే నా బాధ.

రవికిరణ్: తప్పు మొక్కది కాదు కదండీ. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగతో కాలేయం దెబ్బతిందని రాస్తే, వేరే మొక్కతో పొరబడి ఉంటారని ఆయుష్ శాఖ ఖండించింది. సీసం తీసే ఇంగ్లీషు మందులకి సైడ్ ఎఫెక్టులు లేవా?

పద్మజ: ఉన్నాయి, అందుకే రక్తంలో సీసం ఎంతుందో కొలిచి, డాక్టరు చూస్తుండగా ఇస్తారు. ఆ మందుల్లో ఒకటైన డీఎంఎస్ఏ సీసాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపుతుంది. కషాయం తాగినవాళ్లు కొలుచుకోవడమే మానేస్తున్నారు, నా గొడవంతా అదే. పొరబడే తీగని పెరట్లో మనమెలా గుర్తుపడతాం? మునగాకు తినమనండి, ఐరన్, కాల్షియం తక్కువైతే సీసం ఒంటికి ఎక్కువ పడుతుంది కాబట్టి తిండిగా మంచిదే. కానీ అన్నిటికంటే ముందు షెడ్డులోని ఆ సీసం దుమ్ము ఒంట్లోకి పోవడం ఆగాలి. మా తమ్ముడు షెడ్డు బట్టలతోనే వచ్చి పాపని ఎత్తుకునేవాడు, పాప రక్తంలోనూ సీసం తేలింది. ఇంతవరకు ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

సాగర్: బాబాయి కూడా ఆ బట్టలతోనే వస్తారండీ, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. మామూలు రక్తపరీక్షలో తెలుస్తుందా?

పద్మజ: తెలియదు. "బ్లడ్ లెడ్" అని విడిగా అడగండి. పిల్లలిద్దరికీ కూడా చేయించండి, ఈ వారంలోనే.