‘సాగ్ర’ని తెలుగులో ఏమందాం? తిరునాళ్లా, జాతరా, పండుగా?

అందరికీ నమస్కారం. నేను మూడేళ్లుగా ఇటలీ నడిమధ్యన ఉన్న పెరూజాలో ఉంటున్నాను. సెప్టెంబరు దాటితే చాలు, ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఏ గోడ చూసినా ఒకటే మాట: సాగ్ర. చెస్ట్‌నట్ సాగ్ర, ట్రఫుల్ (నేల లోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు) సాగ్ర, ద్రాక్ష సాగ్ర. పోయిన ఆదివారం అమ్మ ఫోన్ చేస్తే “సాగ్రకి వెళ్తున్నా” అన్నాను. అంటే ఏంటంది. “ఫుడ్ ఫెస్టివల్” అన్నాను. “ఏ మాల్‌లో?” అంది. అలా కాదని “తిరణాలమ్మా” అన్నాను. వెంటనే “ఏ స్వామిదే?” అని అడిగింది.

మాది నరసరావుపేట వైపు. తిరణాల అంటే కోటప్పకొండే గుర్తొస్తుంది కాబట్టి అమ్మ అడిగినదాంట్లో తప్పు లేదు. నేను వెళ్తున్నది మాత్రం వితెర్బో దగ్గర సొరియానో అనే కొండ ఊరికి, చెస్ట్‌నట్ల సాగ్రకి. అక్కడ స్వామి ఎవరూ లేరు, కాయలే. ఈ మాటని తెలుగులోకి ఎలా తేవాలన్నది అప్పటినుంచీ నన్ను వదలడం లేదు.

ముందు మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘సక్ర’ అంటే పవిత్రమైనది. ఇటాలియన్‌లోకి వచ్చేసరికి ‘క’ కాస్తా ‘గ’ అయింది. సరస్సుని లాటిన్‌లో ‘లకుస్’ అంటే ఇటాలియన్‌లో ‘లాగో’ అంటారు, అదే దారి. మన ‘ముఖం’ ‘మొగం’ అయినట్టే. మొదట్లో సాగ్ర అంటే ఊరి చర్చిని ప్రతిష్ఠించిన రోజు ఏటేటా చేసుకునే వేడుక. చర్చి ముందున్న ఖాళీ జాగాని ఇప్పటికీ ‘సగ్రాతో’ అనే అంటారు. కాలం గడిచేకొద్దీ ఆ వేడుకలో వంట ముందుకొచ్చింది, పూజ వెనక్కి జరిగింది.

ఇప్పుడు ‘తిరునాళ్లు’ని విడదీయండి. తిరు, నాళ్లు. తిరుమలలో ఉన్న ‘తిరు’యే ఇది. పవిత్రమైన రోజులు! సాగ్ర లోపల ఉన్న అర్థం అచ్చంగా ఇదే. ఇది గమనించినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ‘జాతర’ కూడా మంచి మాటే, కానీ అది ‘యాత్ర’కి వికృతి. అందులో నడక ఉంది, రోజు లేదు.

ఆ వాతావరణం కూడా తిరణాలదే. ఊరి సంఘం వాళ్లే జీతం భత్యం లేకుండా నడిపిస్తారు. పొడవాటి బల్లల మీద కాగితం పరిచి ఉంటుంది, పక్కన ఎవరు కూర్చున్నా మాట కలుపుతారు. అడుగున చిల్లులున్న ఇనప మూకుడులో చెస్ట్‌నట్లు మంట మీద కాలుతుంటాయి. తింటే నిప్పుల్లో కాల్చిన పనసపిక్కలే గుర్తొచ్చాయి, కాకపోతే కాస్త తీపి. మా పెరూజాలో 1994 నుంచి పెద్ద చాక్లెట్ ఉత్సవం జరుగుతోంది. దాన్ని మాత్రం ఎవరూ సాగ్ర అనరు. అది కంపెనీల స్టాళ్లతో జరిగేది, దానికి ‘ఫెస్టివల్’ అన్న మాటే సరిపోతుంది.

ఇబ్బందల్లా ఒకటే. మన తిరునాళ్లు దేవుడి పేరుతోనో క్షేత్రం పేరుతోనో ఉంటాయి. ‘చెస్ట్‌నట్ తిరునాళ్లు’ అంటే చెవికి ఎబ్బెట్టుగా లేదూ? మీ ఊళ్లలో తిండి పేరుతో జరిగే వేడుక ఏదైనా ఉంటే చెప్పండి.

నెల్లూరు నుంచి ఒకరు: ఎందుకు లేదండీ, మా రొట్టెల పండుగ ఉందిగా! మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె. కోరిక తీరినవాళ్లు మరుసటేడు ఆ రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ‘చెస్ట్‌నట్ పండుగ’ అనండి, హాయిగా ఉంటుంది.

కోనసీమ నుంచి ఒకరు: మా వైపు ఇలాంటివాటిని ‘తీర్థం’ అంటాం. జగ్గన్నతోట ప్రభల తీర్థం వినే ఉంటారు, దేవుడి పేరుతో ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభల్ని ఊరేగిస్తారు. అక్కడ మీకు ప్రభల్లాంటివి ఉన్నాయా?

నా జవాబు: ఇద్దరికీ చాలా థాంక్సండీ. రొట్టెల పండుగ నాకు తట్టనే లేదు. పేరు రొట్టెది, చోటు దర్గాది. రోమ్ దగ్గర మరీనో అనే ఊళ్లో ద్రాక్ష సాగ్ర కూడా సరిగ్గా ఇలాంటిదే. 1925లో మొదలైంది, అక్టోబరు మొదటి ఆదివారం జరుగుతుంది. ఆ రోజు ఊరి ఫౌంటెన్‌లో నీళ్లకి బదులు వైన్ పారుతుంది. అందరూ చెప్పుకునేది ఆ వైన్ గురించే. కానీ దాని వెనక జపమాల మేరీమాత పండుగ ఉంది, 1571లో తుర్కుల మీద లెపాంతో నౌకాయుద్ధం గెలిచిన ఆ ఊరి దొర కొలొన్నా తిరిగొచ్చిన జ్ఞాపకం ఉంది. కాబట్టి దాన్ని ‘ద్రాక్షపండుగ’ అంటాను. వెళ్లేటప్పుడు మాత్రం “తిరణాలకి వెళ్తున్నా” అనే అంటాను. పేరుకి ఒక మాట, అక్కడి సందడికి ఇంకో మాట. నాకు ఇదే సహజంగా ఉంది.

ప్రభల విషయానికొస్తే, ఉందండీ! వితెర్బోలో సెప్టెంబరు 3 రాత్రి సెయింట్ రోజ్ పేరుతో దీపాలు వెలిగించిన గోపురం ఒకటి కదులుతుంది. దాదాపు 30 మీటర్ల ఎత్తు, సుమారు 5 టన్నుల బరువు. వందమందికి పైగా మగవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని ఇరుకు సందుల్లో భుజాల మీద మోస్తారు. 2013లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. వాళ్లు దాన్ని ‘మాక్కినా’ అంటారు, అంటే యంత్రం. దీన్ని రథం అని రాసినవాళ్లున్నారు, కానీ చక్రాలు లేవు కదా. కోటప్పకొండ ప్రభలు బండ్ల మీద వస్తాయి, మీ కోనసీమ ప్రభలు భుజాల మీద వస్తాయి. కాబట్టి మీ ‘ప్రభ’యే దీనికి అసలైన మాట.

ఇంకొక్కటి అడుగుతాను. నవంబరులో ఇక్కడ ఆలివ్ గానుగలు తెరిచి, కాల్చిన రొట్టె మీద కొత్తనూనె పోసి వచ్చినవాళ్లకి పెడతారు. ఆ నూనె మింగగానే గొంతులో చురుక్కుమంటుంది. కారం కాదు, వగరు కాదు, ఘాటు కూడా సరిపోదు. వీళ్లు “గిల్లుతోంది” అంటారు, అలా గిల్లితేనే నూనె తాజాదని లెక్క. గానుగ ఊళ్లలో పెరిగినవాళ్లెవరైనా ఉంటే, కొత్తనూనె గొంతులో పట్టడానికి మీ ఇంట్లో ఏమనేవారు?