అప్‌డేట్: గ్లైడర్ ల్యాండింగ్‌లో నా తప్పు ఎక్కడ జరిగిందో తెలిసింది

సోలోలో (ఒంటరిగా ఎగిరినప్పుడు) నా గ్లైడర్, అంటే ఇంజిన్ లేని విమానం, నేలకు తగిలి పైకి లేచి, రెండోసారి ముక్కు మీద పడి ముందు చక్రం దెబ్బతిందని, కారణం ఏమై ఉంటుందని ఇదివరకు అడిగాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని ప్రతి సెకనూ గుర్తు చేసుకున్నాం. మొదటి దెబ్బ చిన్నదే. అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. పైకి లేవగానే భయపడి స్టిక్‌ను (ముక్కును పైకి, కిందికి తిప్పే కర్రను) ముందుకు తోశాను. ఎడమ చెయ్యి బిగుసుకుపోయి, నాకు తెలియకుండానే ఎయిర్‌బ్రేక్ (రెక్కల మీద లేచి విమానాన్ని కిందికి దించే పలకలు) లివర్‌ను పూర్తిగా వెనక్కి లాగేసింది. లిఫ్ట్ (రెక్కలను పైకి ఎత్తే బలం) పోయింది, ముక్కు కిందికి వంగింది. ఇంజిన్ లేదు కాబట్టి మళ్లీ పైకి వెళ్లే దారీ లేదు.

ఎదురుగాలి సంగతీ ఉంది. నేల దగ్గర గాలి తగ్గేకొద్దీ ఎయిర్‌స్పీడ్ (చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం వేగం) పడిపోతుంది. అందుకే అప్రోచ్ (దిగడానికి నేల వైపు వచ్చే) వేగానికి గాలి వేగంలో సగం కలుపుకోమంటారు. నేను కలపలేదు.

ఇప్పుడు డ్యూయల్‌లోనే (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి) ఎగురుతున్నాను. చూపు దగ్గరి గడ్డి మీద కాకుండా ఫీల్డ్ చివర నిలుపుతున్నాను. నిన్న మళ్లీ చిన్న బౌన్స్ అయింది. స్టిక్‌ను తోయకుండా ముక్కు స్థిరంగా ఉంచి, ఎయిర్‌బ్రేక్ కొద్దిగా మూశాను. మెత్తగా దిగింది.

వెన్ను నొప్పి గురించి అడిగినవాళ్లకు: స్కాన్‌లో ఏమీ లేదు. గట్టి ల్యాండింగ్ తర్వాత నొప్పి తక్కువే అనిపించినా చూపించుకోండి, దయచేసి.