క్యాన్సర్ టీకాకు బతికున్న బ్యాక్టీరియానే ఎందుకు?

ప్రశ్న:
కణితి ప్రొటీన్ జన్యువును లిస్టీరియాలో చేర్చి, ఆ బ్యాక్టీరియాను బతికుండగానే రోగి రక్తంలోకి ఎక్కించే టీకాల గురించి ఈమధ్య చదివాను. మెదడు పొరలకు వాపు తెచ్చే క్రిమి కదా ఇది! ముందే చంపి ఇస్తే సరిపోదా?

జవాబు 1:
సరిపోదండీ. ఆ ప్రొటీన్ కణంలో ఎక్కడికి చేరుతుందన్నదే అసలు సంగతి. క్రిముల ముక్కలను టి కణాలనే రోగనిరోధక కణాలకు చూపించే డెండ్రిటిక్ కణం మింగిన క్రిమి మొదట ఒక పొర సంచిలో చిక్కుకుంటుంది. చచ్చిన లిస్టీరియా అక్కడే జీర్ణమైపోతుంది. దాని ముక్కలు ప్రధానంగా కణం పైన ముక్కలను ప్రదర్శించే ఎంహెచ్‌సీ క్లాస్-2 అనే అణువుల మీదికెక్కి, సాయం చేసే రకమైన సీడీ4 టి కణాలను మేల్కొలుపుతాయి. బతికున్నదైతే లిస్టీరియోలైసిన్-ఓ అనే విషంతో సంచికి చిల్లు పెట్టి, కణద్రవంలోకి జారుకుని, మనం చేర్చిన ప్రొటీన్‌ను అక్కడే స్రవిస్తుంది. దానిని ప్రోటియాసోమ్ అనే, కణంలోని ప్రొటీన్ కత్తెర తుంచగా వచ్చిన ముక్కలు మరో రకం ఎంహెచ్‌సీ అయిన క్లాస్-1 మీద కనబడినప్పుడు, కణితిని చంపగల సీడీ8 కణాలు గట్టిగా స్పందిస్తాయి.

జవాబు 2:
ఇచ్చేది మామూలు లిస్టీరియా కాదని కూడా చెప్పాలి. సీఆర్ఎస్-207 అనే టీకాలో రెండు జన్యువులను తొలగించారు: యాక్ట్‌ఏ లేనందువల్ల అది పక్క కణంలోకి పాకలేదు, ఇన్‌ఎల్‌బీ లేనందువల్ల కాలేయ కణాల్లోకి సులువుగా చొరబడలేదు. మీరడిగిన దానికి దగ్గరి ఉపాయమూ ఒకటుంది. డీఎన్ఏను మరమ్మతు చేసుకునే జన్యువులను తీసేసి, సోరాలెన్ అనే, కాంతి సోకితే డీఎన్ఏకు అతుక్కునే రసాయనం కలిపి అతినీలలోహిత కాంతి సోకిస్తే, బ్యాక్టీరియా ఇక విభజన చెందలేదు, కానీ ప్రొటీన్లను మాత్రం కొంతకాలం తయారు చేస్తూనే ఉంటుంది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నింటికన్నా తెలివైన ఆలోచన ఇదే.

ప్రశ్న అడిగినవారు:
ఇంత పకడ్బందీగా ఉంటే ఇది ఇంకా చికిత్సలోకి ఎందుకు రాలేదు?

జవాబు 3:
టి కణాలను పుట్టించడం ఒకెత్తు, అవి కణితిలోకి చొరబడి పనిచేయడం మరొకెత్తు. ముదిరిన క్లోమ క్యాన్సర్ రోగులకు సీఆర్ఎస్-207ను జీవాక్స్ అనే మరో టీకాతో కలిపి ఇచ్చి చూశారు. కీమోథెరపీ కంటే ఆయుష్షు పెరగలేదని 2016లో తేలింది. మూత్రాశయ క్యాన్సర్‌కు బతికున్న బ్యాక్టీరియాయే అయిన క్షయ టీకా బీసీజీని దశాబ్దాలుగా వాడుతున్నారు కదా అని కొందరు వాదిస్తారు గానీ, అందులో కణితి ప్రొటీన్ ఏదీ ఉండదు, అది దాన్ని మోసుకెళ్లే వాహకమే కాదు. ఇక భద్రత విషయానికొస్తే, లిస్టీరియాను ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ అణచగలదు. అయితే శరీరంలో కృత్రిమ కీలు వంటివి ఉంటే బ్యాక్టీరియా వాటి మీద పొరగా అంటుకుని మందుకు అందకుండా దాగగలదు కాబట్టి, అటువంటి రోగులను ఎంచుకునేటప్పుడు చాలా జాగ్రత్త పడాల్సి వస్తుంది.