ఆశానికేతన్ చూడటానికి కుటుంబమంతా వెళ్తున్నాం, ఏం గమనించాలి?

మా తమ్ముడికి 24 ఏళ్లు, మేధో వైకల్యం. అమ్మానాన్న పెద్దవాళ్లవుతున్నారు. తర్వాత వాడు ఉండటానికి పనికొస్తుందేమోనని, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లి మేధో వైకల్యం ఉన్నవాళ్లు ఉండే ఆశానికేతన్ చూసొద్దామనుకుంటున్నాం. వాణ్ణీ తీసుకెళ్లాలా?

జవాబు 1:
తప్పకుండా. రేపు ఉండాల్సింది తనే కదండీ. 1970లో మొదలైన ఆశానికేతన్ హాస్టల్ లాంటిది కాదు, సహాయకులూ మేధో వైకల్యం ఉన్నవాళ్లూ కలిసి బతికే ఇల్లు. చెప్పకుండా వెళ్లకండి. ముందే రాసి అనుమతి తీసుకోండి, ఖాళీ ఉందో లేదో అప్పుడే అడగండి. భోజనాల వేళ ఉండనివ్వమని కోరండి. వడ్డన ఎవరు చేస్తున్నారు, నెమ్మదిగా తినేవాళ్ల పక్కన ఎవరైనా కూర్చున్నారా, కంచం తీయడానికి తొందరపెడుతున్నారా చూడండి. నా దృష్టిలో గదులకన్నా ఇదే ముఖ్యం.

జవాబు 2:
రాత్రిపూట ఎవరుంటారు, ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు అని కూడా అడగండి. మేధో వైకల్యం వల్ల తోడు లేకుండా ప్రయాణించలేనివాళ్లకి రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ, సెకండ్ ఏసీలో 50. తోడు వెళ్లే ఒకరికీ అంతే. ఆన్‌లైన్లో తీయాలంటే రైల్వే ఇచ్చే దివ్యాంగుల కార్డు కావాలి.

జవాబు 3:
18 దాటాక కన్నవాళ్లయినా వాళ్లంతట వాళ్లే చట్టపరమైన సంరక్షకులు కారు. చేర్పించే దగ్గర చాలామందికి పని ఆగేది ఇక్కడే. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి సంరక్షకుల నియామకం కోసం ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.