తుఫాను పునరావాస కేంద్రంలో పెద్దవాళ్ళ తోడు లేని పిల్లలు: ఏం చేయాలి?

తీరం_వాలంటీర్:
మా మండలంలో తుఫాను హెచ్చరిక వస్తే జడ్పీ హైస్కూలే పునరావాస కేంద్రం. ఈసారి పిల్లల బాధ్యత మా బృందానిది. అమ్మానాన్న లేకుండా వచ్చినవాళ్ళని ఎలా నమోదు చేయాలి? బంధువులమంటూ ఎవరైనా వస్తే పంపేయొచ్చా? దాతలిచ్చే పాలడబ్బాలు పంచొచ్చా?

ఐసీడీఎస్_గోదావరి:
నమోదు గేటు దగ్గరే జరగాలండీ. అందరూ సర్దుకున్నాక గదిగదికీ తిరిగి రాస్తే, ఒంటరి పిల్లలు పక్కన పడుకున్న కుటుంబం లెక్కలో కలిసిపోతారు. 18 ఏళ్ళ లోపు వాళ్ళకి విడిగా రిజిస్టరు పెట్టండి. పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఊరు, బడి, ఎవరితో వచ్చారు, ఒంటిమీది బట్టలు, పుట్టుమచ్చలు, వాడే మందులు రాయండి. మరీ చిన్నవాళ్ళు అమ్మ పేరు అడిగితే "అమ్మ" అనే చెబుతారు. అంగన్‌వాడీ టీచర్ని ఏమని పిలుస్తారో, ఇంటి దగ్గర గుడి ఉందో చెరువు ఉందో అడగండి, ఊరు తెలుస్తుంది.

తోడు లేని బిడ్డ కనిపిస్తే వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. బాల న్యాయ చట్టం 2015, సెక్షన్ 32 ప్రకారం ప్రయాణ సమయం పోను 24 గంటల్లో చైల్డ్‌లైన్‌కో, పోలీసులకో, సీడబ్ల్యూసీకో (బాలల సంక్షేమ కమిటీ), జిల్లా బాలల సంరక్షణ విభాగానికో చెప్పి తీరాలి. చెప్పకపోవడం నేరం. 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. టవర్లు పడిపోతే పోలీసు వైర్‌లెస్‌లో కబురు పెట్టించండి. తోబుట్టువులను మాత్రం ఎట్టి పరిస్థితుల్లో విడదీయొద్దు.

బంధువుల విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వచ్చినాయన్ని ఎదురుగా నిలబెట్టి "ఈయన మీ మావయ్యేనా?" అంటే, బెదిరిపోయిన పిల్ల తలూపేస్తుంది. ముందు ఆయన చెప్పింది రాసుకోండి. తర్వాత పిల్లని వేరే గదిలో, తనకు తెలిసిన ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టి, "మీ ఇంటికి ఎవరెవరు వస్తుంటారు?" అని అడగండి. రెండూ సరిపోయినా అప్పగించే నిర్ణయం సీడబ్ల్యూసీదే, మనది కాదు.

పీహెచ్‌సీ_సిస్టర్:
పాలడబ్బాలు, పాలసీసాలు పంచొద్దండీ. 1992 నాటి చట్టం ప్రకారం అనాథాశ్రమాలకు తప్ప ఎవరికీ వాటిని దానంగా ఇవ్వకూడదు. వరద నీళ్ళతో కడిగిన సీసా విరేచనాలు తెచ్చిపెడుతుంది, తల్లి పట్టడం మానేస్తే పాలు తగ్గిపోతాయి. బాలింతలకు తెర కట్టిన మూల, అదనంగా భోజనం ఇవ్వండి. తల్లి దగ్గర లేని పసికందుకి డాక్టర్ చెప్పిన పాలు, మరిగించిన నీళ్ళతో కలిపి ఉగ్గుగిన్నెతో పట్టాలి.

మరుగుదొడ్లు 20 మందికి ఒకటి ఉండాలని స్ఫియర్ (విపత్తు సాయానికి అంతర్జాతీయ ప్రమాణాలు) చెబుతుంది. బళ్ళలో అవి వెనకవైపు చీకట్లో ఉంటాయి, ఆడపిల్లలకు ప్రమాదం అక్కడే. జనరేటర్ లైను ముందు ఆ దారికి లాగండి, లోపలి గడియలు పనిచేస్తున్నాయో చూడండి.

బాలల_హక్కులు_కాకినాడ:
ఫొటోల గురించి ఒక మాట. ఇలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టడాన్ని బాల న్యాయ చట్టం సెక్షన్ 74 నిషేధిస్తుంది. విరాళాల కోసం వాట్సాప్‌లో పెట్టినా తప్పే. ఆ ఫొటో చూసే అపరిచితులు "మావయ్య" అవతారమెత్తుతారు. "అనాథ పాప, పెంచుకునేవారు సంప్రదించండి" అనే మెసేజ్‌లు 2021లో కోవిడ్ వేళ విపరీతంగా తిరిగాయి. దత్తత కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ద్వారా, చట్టప్రకారమే జరగాలి, అలాంటి మెసేజ్ కనిపిస్తే 1098కి చెప్పండి.

రిజిస్టర్లో "ఎప్పుడు, ఎవరితో వెళ్ళారు, సంతకం" అన్న గడి మొదటి రోజే గీయండి. నీళ్ళు తీశాక అందరూ ఒక్కసారిగా బయల్దేరతారు, పిల్లలు తప్పిపోయేది ఎక్కువగా ఆ పూటే.