స్క్రీన్ పోయింది, 650 డాలర్లలో చదువుకీ ఆటలకీ పనికొచ్చే ల్యాప్‌టాప్ ఏది?

డెంటన్, కొత్త స్టూడెంట్:

అందరికీ నమస్తే. ఆగస్టులో టెక్సస్‌లోని డెంటన్‌కి వచ్చాను, ఇక్కడి యూఎన్‌టీ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్)లో ఎంఎస్. 2020లో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్న ల్యాప్‌టాప్‌నే తెచ్చుకున్నాను. మూత తెరిచినప్పుడల్లా కుడివైపు హింజ్ కిర్రుమనేది, పట్టించుకోలేదు. పోయిన శుక్రవారం స్క్రీన్ మీద గీతలు వచ్చాయి, శనివారానికి పూర్తిగా నల్లబడింది. ఫ్యాన్ తిరుగుతోంది, కీబోర్డ్ లైట్ వెలుగుతోంది, బొమ్మ మాత్రం రావట్లేదు.

బడ్జెట్ 650 డాలర్లు, మహా అయితే 700. క్లాసు పనికి పైథాన్, ఎక్సెల్, బ్రౌజర్‌లో ఓ నలభై ట్యాబులు. ఆటలంటే వీకెండ్‌లో హైదరాబాద్ ఫ్రెండ్స్‌తో వాలరెంట్ (ఆన్‌లైన్‌లో కలిసి ఆడే తుపాకుల ఆట), అప్పుడప్పుడు జీటీఏ 5, ఇంకా (నవ్వకండి) క్రికెట్ 07. రూమ్‌లో ముగ్గురిదీ మూడు దారులు. ఒకడు మ్యాక్‌బుక్ అంటాడు, ఒకడు బ్లాక్ ఫ్రైడే సేల్ దాకా ఆగమంటాడు, ఒకడు ఇండియా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించుకోమంటాడు. ఈ అక్టోబర్ 20కి ప్రాజెక్ట్ ఇవ్వాలి. కారు లేదు. టెన్షన్‌గా ఉంది.

ప్లేనో, 2014 బ్యాచ్:

తమ్ముడూ, పర్సు తీసేముందు ఒక పని చెయ్. మీ హాల్లో టీవీ ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని దానికి తగిలించు. బొమ్మ వచ్చిందా, మదర్‌బోర్డ్ బతికే ఉన్నట్టు. హింజ్ దగ్గర స్క్రీన్ కేబుల్ నలిగి తెగి ఉంటుంది, లేదా ప్యానెల్ పోయి ఉంటుంది. బొమ్మ రాకపోయినా కంగారు పడకు. కింద మూత విప్పి ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లుండే డ్రైవ్) తీసి, 20 డాలర్లకి దొరికే యూఎస్‌బీ డబ్బాలో పెడితే పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) కీ అడిగితే నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూడు, చాలామందికి అక్కడే సేవ్ అయి ఉంటుంది. ప్రాజెక్ట్ ఫైళ్లు ముందు బయటికి తెచ్చుకో, బేరం తర్వాత.

ఇక వాలరెంట్ సంగతి. ఇది ఎవరూ చెప్పరు, కొన్నాక నువ్వే తెలుసుకుని ఏడుస్తావు, అందుకని చెప్తున్నా. నీ అకౌంట్ ఇండియాది, ఫ్రెండ్స్ ఆడేది ముంబై సర్వర్‌లో. ఇక్కణ్నుంచి అక్కడికి దాదాపు 14,000 కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే గీత గీసినట్టు తిన్నగా కేబుల్ వేసినా వెళ్లి రావడానికే 140 మిల్లీసెకన్లు. అసలు కేబుల్ సముద్రాలన్నీ చుట్టి వస్తుంది కాబట్టి 200 పైనే కనపడుతుంది. 600 డాలర్ల ల్యాప్‌టాప్ అయినా 3,000 డాలర్లదైనా ఆ ఆలస్యం, అదే పింగ్, తగ్గదు. నువ్వు మూల తిరిగి చూసేలోపే అవతలివాడు నిన్ను కాల్చేసి టీ తాగుతుంటాడు. రీజియన్ మార్చుకుంటే ఇక్కడ హాయిగా ఆడుకోవచ్చు, కానీ వాళ్లతో కలిసి ఆడలేవు. పైగా వాళ్ల శనివారం రాత్రి 10 అంటే నీకు పగలు 11:30. నవంబర్‌లో గడియారం వెనక్కి తిప్పాక 10:30. కాబట్టి వాలరెంట్ కోసమే పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొనకు. దానికి కనీస అర్హత ఇంటెల్ హెచ్‌డీ 4000 అని ఆట చేసినవాళ్లే రాసుకున్నారు, అది 2012 నాటి చిప్.

మ్యాక్‌బుక్ మంచి మెషీనే, కాదనను. కానీ వాలరెంట్ మ్యాక్‌కి రాలేదు, కౌంటర్ స్ట్రైక్ 2 కూడా లేదు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్‌లు సేల్‌లో చవగ్గా కనపడతాయి, బ్యాటరీ బ్రహ్మాండం, కానీ యాంటీచీట్ (ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న ఆటలతో పేచీ. డబ్బా మీద ఇంటెల్ గానీ ఏఎండీ గానీ ఉందో లేదో చూసుకో. ఇండియా నుంచి తెప్పించడం దండగ. అక్కడ 18 శాతం జీఎస్టీ కట్టి కొంటావు, పాడైతే ఇక్కడ వారంటీ చెల్లుతుందో లేదో మళ్లీ వేరే తలనొప్పి.

మిగతా ఆటల కోసమైతే నా ఓటు ఆర్‌టీఎక్స్ 4050 గ్రాఫిక్స్ కార్డుకి. లెనోవో లాక్, హెచ్‌పీ విక్టస్, ఏసర్ నైట్రో, ఆసుస్ టఫ్ వరసల్లో సేల్ ఉన్నప్పుడు నీ బడ్జెట్ దగ్గర్లోకి వస్తుందేమో చూడు. ఒక్కటి గుర్తుపెట్టుకో, ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు పేరు సగం నిజమే. అదే 4050ని కంపెనీ 35 వాట్ల మీద నడపొచ్చు, 115 వాట్ల మీదా నడపొచ్చు. పేరొకటే, పరుగు వేరు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అన్నట్టు, సన్నటి డబ్బాలో 4050 స్టిక్కర్ వేసి 45 వాట్లే ఇచ్చినవి ఉన్నాయి. ఆ అంకె షాపులో అట్ట మీద ఉండదు, కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ షీట్‌లో వెతకాలి. 2050, 3050 కూడా గేమింగ్ పేరుతోనే అమ్ముతారు. 3050లో 4 జీబీ మెమరీది, 6 జీబీది రెండూ ఉన్నాయి, తీసుకుంటే 6దే తీసుకో.

ఇర్వింగ్, అక్క:

పింగ్ గురించి ప్లేనో అన్న చెప్పింది అక్షరాలా నిజం. కానీ అన్నా, మీరు కారులో ల్యాప్‌టాప్ తిప్పే మనిషి. ఈ అబ్బాయి బస్సులో తిరుగుతాడు. ఆ గేమింగ్ ల్యాప్‌టాప్ రెండుంబావు కిలోలు, ఛార్జర్ ఇటుక ఇంకో అరకిలో పైన. ప్లగ్ తీస్తే మూడు నాలుగు గంటలు. నేను మాస్టర్స్ చేసిన రెండేళ్లూ లైబ్రరీలో కుర్చీ కోసం కాదు, గోడకి ప్లగ్ పాయింట్ కోసం తిరిగాను.

తమ్ముడూ, నువ్వు రాసిన మూడు ఆటలూ చూస్తే నీకు విడిగా గ్రాఫిక్స్ కార్డే అక్కర్లేదు. ఏఎండీ రేడియన్ 780ఎమ్ లాంటి గ్రాఫిక్స్ చిప్ ప్రాసెసర్‌లోనే కలిసి వచ్చే ల్యాప్‌టాప్ చూడు. జీటీఏ 5 మీడియం సెట్టింగ్‌లో సుఖంగా ఆడుతుంది. క్రికెట్ 07కి అయితే మా అమ్మ టీవీ రిమోట్ కూడా చాలు. కిలోన్నర బరువు, టైప్-సీ ఛార్జర్, ఫోన్‌కీ అదే.

ఇందులో మెలిక ర్యామ్. ఈ రకం చిప్‌కి సొంత మెమరీ ఉండదు, మెయిన్ ర్యామ్‌నే వాడుకుంటుంది. 8 జీబీ ఒకటే స్టిక్ ఉంటే ఆటలు సగానికి పడిపోయినట్టు అనిపిస్తాయి. రెండు స్టిక్కులుగా గానీ, బోర్డు మీదే డ్యూయల్ ఛానెల్‌గా (రెండు స్టిక్కులున్నట్టే) గానీ 16 జీబీ ఉండాలి. ఇదివరకు మనవాళ్లంతా "8 జీబీది కొను, తర్వాత 30 డాలర్లు పెట్టి ఇంకో స్టిక్ వేసుకో" అని చెప్పేవాళ్లం. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా లాగేసుకోవడంతో ర్యామ్ రేట్లు అమాంతం పెరిగాయి. ఆ సలహా ఇప్పుడు పాతబడింది. 16 ఉన్నదే కొను. సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకి అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు కూడా.

ధర చూసేటప్పుడు ట్యాక్స్ కలుపుకో. ఇక్కడ 8.25 శాతం. 600 అని రాసింది కౌంటర్ దగ్గర 649.50. ఆగస్టు ట్యాక్స్ ఫ్రీ వీకెండ్ వస్తుంది కదా అని ఎవరైనా అంటే నమ్మకు. టెక్సస్‌లో అది 100 డాలర్ల లోపు బట్టలు, చెప్పులు, స్కూల్ సామానుకే, కంప్యూటర్లకి లేదు. డాలర్లని రూపాయల్లోకి మార్చి గుండె పట్టుకోవడం మొదటి సెమిస్టర్ జబ్బు, దానికి మందు లేదు, అదే తగ్గుతుంది.

కొత్తదే కావాలని పట్టుబట్టకు. బెస్ట్ బై షాపులో ఓపెన్ బాక్స్ అని ఉంటాయి, ఎవరో కొని నాలుగు రోజులకి తిరిగి ఇచ్చినవి. మామూలుగా 15 రోజుల్లో వాపస్ తీసుకుంటారు. ఆ 15 రోజులూ బాగా వాడి చూడు, దాచుకోకు. కాస్ట్‌కో స్టోర్ మెంబర్‌షిప్ కార్డున్న మనిషి ఎవరైనా తెలిస్తే అక్కడ ల్యాప్‌టాప్‌కి 90 రోజుల వాపస్, రెండేళ్ల వారంటీ. కంపెనీల సైట్లలో యూనివర్సిటీ మెయిల్ ఐడీతో స్టూడెంట్ రేటు కూడా చూడు.

మరీ చవకదానిలో విండోస్ ఎస్ మోడ్ (మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లే ఎక్కనిచ్చేది) అని ఉంటే భయపడకు, సెట్టింగ్స్‌లో ఉచితంగా తీసేయొచ్చు. తీయకపోతే ఆటలు దించుకునే స్టీమ్ కూడా ఎక్కదు. లినక్స్ వేస్తా అంటావేమో, పరీక్షలకి లాక్‌డౌన్ బ్రౌజర్ (పరీక్షప్పుడు ఇంకేదీ తెరవనివ్వనిది) అడిగారంటే అది లినక్స్‌లో నడవదు.

20 లోపు కొనితీరాలని ఏం లేదు. స్టూడెంట్ ఐడీ పట్టుకుని లైబ్రరీలో అడుగు, చాలా యూనివర్సిటీలు ల్యాప్‌టాప్ అరువిస్తాయి. ప్రాజెక్ట్ అలా గట్టెక్కించు. బ్లాక్ ఫ్రైడే నవంబర్ ఆఖర్లోనే.

డెంటన్, కొత్త స్టూడెంట్:

అన్నా, హెచ్‌డీఎంఐ పెట్టగానే టీవీలో బొమ్మ వచ్చింది! రూమ్‌లో అందరం అరిచాం, కిందింటివాళ్లు తలుపు కొట్టారు. ఫైళ్లన్నీ డ్రైవ్‌లో పెట్టుకున్నా.

ఇంకో రెండు డౌట్లు. పక్క అపార్ట్‌మెంట్‌లో ఒకతను వాడిన గేమింగ్ ల్యాప్‌టాప్ 400కి ఇస్తానంటున్నాడు, క్యాష్ మాత్రమే, ఈ రోజే చెప్పాలట. లేదంటే నాన్నగారి కార్డు మీద కొత్తది కొని ఈఎంఐ పెట్టుకోవచ్చా?

ఫ్రిస్కో నుంచి:

ఈ రోజే చెప్పాలి, క్యాష్ మాత్రమే. ఈ రెండు మాటలు కలిసి వచ్చినచోట నేను ఒకసారి 350 పోగొట్టుకున్నాను, 2021లో. ల్యాప్‌టాప్ అద్దంలా ఉంది. ఇంటికి తెచ్చి విండోస్ రీసెట్ కొట్టాను. మళ్లీ తెరిస్తే ఏదో కంపెనీ పేరు, వాళ్ల ఆఫీస్ మెయిల్‌తో లాగిన్ అవ్వమని. ఉద్యోగం మానేసినవాడు తిరిగి ఇవ్వకుండా అమ్మేసుకున్న ఆఫీస్ ల్యాప్‌టాప్ అది. ఎన్నిసార్లు రీసెట్ చేసినా ఇంటర్నెట్ తగలగానే అదే తెర. అమ్మినవాడి ఫోన్ ఆ రాత్రి నుంచే స్విచాఫ్. ఇప్పటికీ మా అల్మారాలో ఉంది, మా ఆవిడ దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతుంది.

కొనాలనే ఉంటే నీ ముందే రీసెట్ చేయించి, నీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి, డెస్క్‌టాప్ దాకా వెళ్లనివ్వు. బ్యాటరీ రిపోర్ట్ తీయించు, కొత్తలో ఎంత కెపాసిటీ, ఇప్పుడెంత అన్నది పక్కపక్కనే ఉంటుంది. 60 శాతానికి దిగితే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా బేరంలో కలుపు. ఏదో ఒక ఆట ఇరవై నిమిషాలు ఆడు, వేడెక్కి ఆగిపోయేవి మొదటి ఐదు నిమిషాలు బాగానే ఉంటాయి. ఇంటెల్ అయితే 8వ తరం కన్నా పాతది వద్దు, దానికి విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది. ఇచ్చిపుచ్చుకోవడం పోలీస్ స్టేషన్ పార్కింగ్‌లో పెట్టుకుందాం అను. చాలా ఊళ్లలో అందుకోసమే కెమెరా కింద చోటు పెట్టారు. నిజాయితీపరుడైతే వస్తాడు.

ఈఎంఐ గురించి. ఇండియా క్రెడిట్ కార్డు ఇక్కడ గీకితే చాలా కార్డుల్లో 2 నుంచి 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ రుసుము), దాని మీద మళ్లీ జీఎస్టీ. సేల్‌లో మిగిలింది అందులో పోతుంది. నీ దగ్గరున్న డాలర్లలోనే డెబిట్ కార్డుతో కొను. క్యాంపస్ జాబ్ వచ్చి, ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) వచ్చాక స్టూడెంట్ క్రెడిట్ కార్డు సంగతి చూద్దువు.

ప్లేనో, 2014 బ్యాచ్:

బస్సు సంగతి నాకు తట్టలేదు, ఇర్వింగ్ అక్క గెలిచింది. అయినా ఓపెన్ బాక్స్‌లో మంచి వాట్లున్న 4050 దొరికితే ఒకసారి చేత్తో ఎత్తి చూడు, అప్పుడు నిర్ణయించు. స్క్రీన్ కూడా కళ్లతో చూసే కొను, చవక గేమింగ్ మోడళ్లలో కొన్నిటి రంగులు వానకి తడిసిన పోస్టర్‌లా ఉంటాయి. డాలస్ నార్త్ సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ షాపు ఉంది, అన్నీ వరసగా తెరిచి పెట్టి ఉంటాయి.

డెంటన్, కొత్త స్టూడెంట్:

పోలీస్ స్టేషన్ అనగానే అతను మెసేజ్ చూసి వదిలేశాడు. ఫ్రిస్కో అన్నా, 400 మిగిల్చారు. లైబ్రరీలో అరువు ల్యాప్‌టాప్ దొరికింది, ఇంట్లో పాతదాన్ని టీవీకి కట్టేసి నడిపిస్తున్నా. నిన్న టీవీలో క్రికెట్ 07 ఆడాం, నలుగురం వంతులేసుకుని. అక్కా, మీరు చెప్పినట్టు 780ఎమ్, 16 జీబీ వైపే ఉన్నాను, కానీ 4050 ఒక్కసారి ఎత్తి చూడాలని మనసులో ఉంది. మైక్రో సెంటర్‌కి బస్సులో ఎలా వెళ్లాలి?

ఇర్వింగ్, అక్క:

డెంటన్ లోకల్ రైలు ఏ-ట్రెయిన్ ఎక్కి, మారి, నడిచి, నీకు రోజంతా పడుతుంది. శనివారం మా ఆయన ఎలాగూ మానిటర్ కోసం అటే వెళ్తున్నారు. పదిన్నరకి రెడీగా ఉండు, అడ్రస్ ఇక్కడ పెట్టకు, నాకు విడిగా పంపు. బ్యాగ్‌లో నీ పుస్తకాలన్నీ వేసుకుని రా. 4050 ల్యాప్‌టాప్ ఇటుకతో సహా అందులో పెట్టి ఆ పార్కింగ్ లాట్ రెండు చుట్లు తిరుగుదువుగాని.