మాట్లాడడు, కానీ రోజూ వెనకే వస్తున్నాడు. కేసు అవుతుందా?

ద్వారకానగర్_కోచింగ్:
కోచింగ్ అయ్యాక స్కూటీ మీద ఎంవీపీ కాలనీకి వెళ్తాను. కొన్నాళ్లుగా ఒకడు మద్దిలపాలెం దగ్గర్నుంచి వెనకే వస్తున్నాడు. నంబరు ప్లేటు సగం మట్టి. నేను టీ కొట్టు దగ్గర ఆగితే వాడూ ఆగి ఫోన్ చూసుకుంటాడు. కేసు అవుతుందా? పోలీసులు ఇంటికి ఫోన్ చేస్తారా? చేస్తే నాన్న కోచింగ్ మాన్పించేస్తారు.

గాజువాక_గిరి:
354డి, అదే ఆడపిల్ల వెంటపడే కేసు, పెట్టించు చెల్లీ, దెబ్బకి దారికొస్తాడు. పోలీసుల దిశ యాప్ కూడా వేసుకో.

లాయర్_బాబాయ్:
గిరి గారూ, మీరింకా పాత పుస్తకమే చదువుతున్నారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత, మీ 354డి ఇప్పుడు సెక్షన్ 78. యాప్ కూడా ఇప్పుడు శక్తి. ఏళ్ల తరబడి ఇవే కేసులు చూస్తున్నా. 78కి ఊరికే వెంట రావడం చాలదు. ఇష్టం లేదని తెలిసినా మళ్లీ మళ్లీ మాట కలపాలని చూడాలి. వీడు నోరే విప్పలేదు.

ఇసుకతోట_అక్క:
అంటే వాడు నోరు విప్పేదాకా ఈ పిల్ల అద్దంలో వాడి మొహం చూస్తూ బండి నడపాలా? మా చెల్లెల్నీ స్టేషన్‌లో "ఏమీ అనలేదుగా అమ్మా" అనే పంపించేశారు.

లాయర్_బాబాయ్:
చట్టం నేను రాయలేదమ్మా. ఫిర్యాదు ఇవ్వొద్దన్నానా? దారికి అడ్డం పడితే 126 ఉంది. ఏ సెక్షనో పోలీసులు చూసుకుంటారు, జరిగింది జరిగినట్టు రాసిస్తే చాలు.

ఇసుకతోట_అక్క:
ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా.

గాజువాక_గిరి:
354డి అన్నా 78 అన్నా మొదటిసారి మూడేళ్ల లోపే, అదీ బెయిలబుల్. సాయంత్రానికి బయటికొచ్చి అదే కొట్లో టీ తాగుతాడు. నలుగురం వెళ్లి నాలుగు తగిలిస్తే సరి.

లాయర్_బాబాయ్:
వెళ్లండి, కేసు మీ మీద అవుతుంది. వాడికి రెండోసారి శిక్ష పడితే ఐదేళ్ల దాకా, నాన్ బెయిలబుల్.

కంచరపాలెం_నైట్‌షిఫ్ట్:
జీతం రోజు ఏటీఎం నుంచి ఇద్దరు నా వెనక పడ్డారు. మగాళ్లకి ఏ సెక్షను?

ఇసుకతోట_అక్క:
వేరే పోస్టు పెట్టుకో తమ్ముడూ.

కంచరపాలెం_నైట్‌షిఫ్ట్:
చూశారా, 78 ఆడవాళ్లకే. నేను పెట్రోలు బంకులోకి దూరి 112 కొట్టాను. ఈ అమ్మాయీ అంతే చెయ్యాలి. వాడు వెనకుంటే ఇంటికి మాత్రం వెళ్లకూడదు, ఇల్లు తెలిసిపోతుంది.

ద్వారకానగర్_కోచింగ్:
ఇంటికి ఫోన్ చేస్తారా అన్నది ఎవరూ చెప్పలేదు.

రిటైర్డ్_ఖాకీ:
మేజరువైతే నీ సంతకం చాలు తల్లీ, నాన్నగారికి చెప్పాలని చట్టంలో లేదు. నీ నంబరే ఇవ్వు. ఇలాంటి ఫిర్యాదు మహిళా అధికారే రాసుకోవాలి, అడుగు. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అను, అది ఏ స్టేషనైనా రాసుకోవాలి. ముందు ఆ టీ కొట్టు చుట్టుపక్కల కెమెరా వెతుకు. పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతుంది, ఆలస్యం చేస్తే ఏమీ మిగలదు.

గాజువాక_గిరి:
కొట్టు మద్దిలపాలెం జంక్షన్‌దేనా? ఎదురుగా మెడికల్ షాపుకి కెమెరా ఉంది, ఓనరు నాకు తెలుసు.

ద్వారకానగర్_కోచింగ్:
కాదన్నా, వెంకోజీపాలెం వైపుది.

గాజువాక_గిరి:
అటు నాకెవరూ తెలీదు. అక్కా, మీకెవరైనా తెలుసా?